చెడు ఆలోచన పాపమా, జబ్బా? సైకాలజీ పాఠం విన్నాక కలిగిన సందేహం

బి.ఎ. మొదటి సంవత్సరం విద్యార్థిని

ఈ వారం మా తరగతిలో మంచిచెడ్డల గురించి మన ఆలోచన దశలవారీగా ఎదుగుతుందనే కోల్‌బర్గ్ నైతిక వికాస సిద్ధాంతాన్నీ, ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి స్వభావం మారిందని చెప్పే ఫినియాస్ గేజ్ ఉదంతాన్నీ వెంటవెంటనే చెప్పారు. మెదడుకు దెబ్బ తగిలితే మనిషి నడవడే మారిపోతుందంటే, తప్పు చేసే ప్రతివారినీ మానసిక రోగి అనుకోవాలా? నేనిలా అడగడానికి మా పిన్ని కూడా ఒక కారణం. దీపం వెలిగించి దణ్ణం పెట్టుకునే క్షణంలోనే దేవుడి గురించి నోట పలకరాని మాటలు ఆమె మనసులోకి వస్తాయట. వెంటనే దీపం కొండెక్కించి, తలస్నానం చేసి వచ్చి, మళ్ళీ వెలిగిస్తుంది. ఒక్కోరోజు నాలుగైదుసార్లు ఇదే తంతు. ఇంట్లోవాళ్ళు చాదస్తం అంటారు. ఆమె మాత్రం తాను పాపిష్టిదాన్నని ఏడుస్తుంది.

అధ్యాపకుడు

కోల్‌బర్గ్ కొలిచింది నడవడిని కాదమ్మా, దాని వెనకనున్న తర్కాన్ని. భార్య ప్రాణం కాపాడడానికి హైంజ్ అనే మనిషి మందును దొంగిలించవచ్చునా అని ఒక కథ చెప్పి అడిగినప్పుడు, జైలుకు భయపడి కాదన్నారా, ఆస్తికన్నా ప్రాణం విలువైనదని అవునన్నారా అన్న కారణాన్ని బట్టే వారి నైతిక వికాసం ఏ దశలో ఉందో ఆయన నిర్ణయించారు. చక్కగా తర్కించేవారందరూ చక్కగా నడుచుకుంటారన్న హామీ అందులో లేదు. ఇక గేజ్ కథను పాఠ్యపుస్తకాలు కాస్త పెంచి చెబుతాయని నా అభిప్రాయం. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుమార్గం కోసం బండలు పేలుస్తుండగా 3 అడుగుల 7 అంగుళాల ఇనుప కడ్డీ అతని ఎడమ చెంపలో దూరి నెత్తి మీదుగా బయటికి వచ్చింది. అతను మునుపటి మనిషి కాడని వైద్యుడు హార్లో రాసిన మాట నిజమే కాని, తరవాత చిలీలో కొన్నేళ్ళపాటు గుర్రపుబండి తోలి బతికాడన్న సంగతిని చాలామంది వదిలేస్తారు.

న్యాయవాది

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్ ప్రకారం, సమాజపు నైతిక విలువలకో మత విశ్వాసాలకో ఒదగనంత మాత్రాన ఎవరినీ మానసిక రోగిగా నిర్ధారించకూడదు. అలాగే, జబ్బు ఉన్నదన్న ఒక్క కారణంతో నేరం మాసిపోదు. ఆ సమయానికి మతిస్థిమితం లేక, తాను చేస్తున్నదేమిటో, అది తప్పని గాని చట్టవిరుద్ధమని గాని తెలుసుకోలేని స్థితిలో ఉన్నవారికే భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది.

ఓసీడీకి (వద్దన్నా ఆలోచనలు వచ్చిపడి, వాటిని పోగొట్టుకోవడానికి చేసిన పనే మళ్ళీమళ్ళీ చేయించే జబ్బు) చికిత్స పొందిన గృహిణి

అమ్మాయీ, మీ పిన్నిగారిని మానసిక వైద్యునికి చూపించండి, నిర్ధారించవలసింది వారే. నా బిడ్డకు అన్నం తినిపించేటప్పుడు కత్తిపీట కంటబడితే చాలు, ఏ ఘోరం చేస్తానోనన్న భయంతో దాన్ని అటక మీద దాచేదాన్ని. మనిషి దేన్ని ప్రాణంగా చూసుకుంటుందో దాని మీదకే ఈ జబ్బు ఆలోచనలను ఉసిగొల్పుతుందని డాక్టరుగారు చెప్పినప్పుడు నేను తల్లిగా మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాను. మందులతో పాటు, ఆలోచన వచ్చినా దాన్ని కడిగేసుకోవడానికి లేవకుండా అక్కడే కూర్చోవడాన్ని మెల్లమెల్లగా అలవాటు చేశారు. ఇంట్లోవాళ్ళు "నువ్వు పాపిష్టిదానివి కావులే" అని మాటిమాటికీ ధైర్యం చెప్పడం కూడా ఆ తలస్నానం లాంటిదే. కాసేపు ఊరట కలిగి, మళ్ళీ అడగాలనిపిస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మొదటిసారి వైద్యుని దగ్గరికి వెళ్ళినప్పుడు మీరూ పక్కన కూర్చోండి, ఆ మాటలు పైకి చెప్పడం ఆమెకు చాలా కష్టంగా ఉంటుంది.