‘సాంతా ముయెర్తే’ని తెలుగులో ఏమనాలి?

మెక్సికో మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ ఈ మాట దగ్గర ఆగిపోయాను. ‘ముయెర్తే’ అంటే చావు. అక్కడ కొందరు చావునే ఆడరూపంలో కొలుస్తారు: అస్థిపంజరానికి పెళ్లిగౌను తొడిగి, ఎదురుగా టెకీలా అనే మద్యం, సిగరెట్లు, యాపిల్ పళ్లు పెట్టి మొక్కుతారు. ‘మృత్యుదేవత’ అంటే నాకే నచ్చట్లేదు. ‘యముడు’ అసలు కుదరదు, ఆవిడ ఆడమనిషి. ఏమందామంటారు?

— దేవత వద్దండీ. మన కతోలికులు ‘పునీత అంతోనివారు’ అంటారు కదా, ఆ ‘పునీత’ అన్నదే ఈ ‘సాంతా’. మొక్కేవాళ్లలో చాలామంది కతోలికులే. చర్చి మాత్రం ఒప్పుకోదు. ‘పునీత మృత్యువు’ అంటే ఆ పేచీ కూడా పేరులోనే వినబడుతుంది.

— అర్థం సరే, చనువేదీ? వాళ్లు పిలుచుకునేది ‘ఫ్లాకీతా’ అని. అంటే బక్కపిల్ల. ‘నీన్యా బ్లాంకా’ అంటే తెల్లపిల్ల. మెక్సికో సిటీలో తెపీతో అనే పేటలో 2001లో ఒకావిడ తన ఇంటి ముందే, వీధిలోకి కనబడేలా విగ్రహం పెట్టింది. అంతకుముందు ఎక్కువగా ఇళ్లలో గుట్టుగా సాగిన పూజ అది. భయపడేదాన్ని ముద్దుగా పిలవడం మనకేం కొత్త? ఆటలమ్మ వస్తే ‘అమ్మవారు పోసింది’ అనమూ! నా ఓటు ‘బక్కమ్మ’కే.

— లింగం సంగతి చూడండి. స్పానిష్‌లో ‘ముయెర్తే’ స్త్రీలింగం, అందుకే ‘సాంతా’. అదే అర్జెంటీనాలో ‘సాన్ లా ముయెర్తే’. ముందు ‘సాన్’ పుంలింగం, వెనక ‘లా ముయెర్తే’ స్త్రీలింగం! అక్కడ మొక్కేది మగరూపానికి. తెలుగులో ఈ గొడవ సగమే. ‘అక్క వచ్చింది’, ‘చావు వచ్చింది’, క్రియ ఒకటే. ‘ఆమె’ అనాలా ‘అది’ అనాలా అన్నచోట మాత్రం దొరికిపోతాం.

— ‘ఆమె’ అనే రాయండి. సంస్కృతంలో ‘మృత్యు’ మామూలుగా పుంలింగమే అయినా, భారతం శాంతిపర్వంలో భీష్ముడు చెప్పే కథలో బ్రహ్మ పుట్టించిన మృత్యువు ఆడపిల్లే. మనుషుల్ని చంపనని ఏడుస్తుంది. ఆ కన్నీళ్లే రోగాలవుతాయి.

అందరికీ థాంక్స్. శీర్షికలో ‘పునీత మృత్యువు’, భక్తుల మాటల్లో ‘బక్కమ్మ’ పెడుతున్నాను. ఇక ‘వెసూదా’ అని ఇంకో పేరుంది, ‘ఎముకలావిడ’ అనొచ్చా?

— అనొచ్చు. నవ్వొచ్చినా పర్లేదు, వాళ్లూ నవ్వుతూనే అంటారు.