పొలానికి పోయే బాట వెంచర్ గోడ లోపల పడింది, ఏం చేయాలి?

నమస్తే అండీ. మాది చేవెళ్ల దగ్గర ఒక ఊరు. నాన్న పేరు మీద రెండెకరాల పది గుంటల పట్టా భూమి ఉంది. టమాట, కొత్తిమీర, బంతి వేస్తాం.

పోయినేడు పక్క పొలం వాళ్లు అమ్ముకున్నారు. వాళ్లను తప్పుపట్టను, ఎవరి అవసరాలు వాళ్లవి. కొన్నవాళ్లు ఐదేసి గుంటల ఫామ్ ప్లాట్లు చేసి చుట్టూ రెడీమేడ్ గోడ పెట్టారు. తాతల నాటి బండ్ల బాట ఆ గోడ లోపల పడిపోయింది. ఇప్పుడు ఆటో పొలం దాకా రాదు. టమాట బాక్సులు నెత్తిన పెట్టుకుని గట్టు మీద మోస్తున్నాం. వాన నీళ్లు పోయే కాలువను కూడా మొరంతో పూడ్చేశారు. మొన్న ఒక్క వానకే రెండు మడులు మునిగాయి. "మీరూ అమ్మేయండి, గోలే ఉండదు" అంటూ బ్రోకర్ ఫోన్లు వేరే. మాకు అమ్మే ఉద్దేశం లేదు.

ఊరి నక్షలో ఆ బాట చుక్కల గీతగా ఉంది. అది సరిపోతుందా, టీపన్ (సర్వే కొలతల రికార్డు) నకలు కూడా తీయాలా? ముందు తహసీల్దార్‌కు అర్జీ పెట్టాలా, నేరుగా సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (బాటకు అడ్డు పెట్టొద్దనే ఉత్తర్వు) కోసం కేసు వేయాలా?

ఇంకోటి. 2006 నాటి నాలా (భూమి మార్పిడి) చట్టం ప్రకారం సాగు భూమిని సాగేతర అవసరాలకు మార్చాలంటే ముందే అనుమతి కావాలి కదా. భూ భారతి (భూ రికార్డుల పోర్టల్)లో ఆ వెంచర్ సర్వే నంబర్ ఇంకా వ్యవసాయ భూమి అనే చూపిస్తోంది. దీని మీద ఆర్టీఐ ఎవరికి వేయాలి?

ఇలా బాట తిరిగి తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నాన్న టెన్షన్‌తో నిద్రపోవట్లేదు.