లేని లైనుకి లేఅవుట్ కట్టడం తప్పా? (భాకరాపేట బ్రాంచి)

భాకరాపేట బండి

అందరికీ నమస్తే, తిరుపతి నుంచి. మేడమీద గదిలో రెండేళ్లుగా కడతా ఉండే మోడల్ రైలు లేఅవుట్‌లో ఈ వారమే బండి ఆ కొస నుంచి ఈ కొసకి ఒక్కసారి కూడా పట్టా తప్పకుండా పోయింది, అందుకే ఈడ పెడతా ఉండా. ఒక గోడకి 10 అడుగులు, పక్క గోడకి 6 అడుగులు, ఎల్ ఆకారం, వెడల్పు అడుగున్నరే. 12 ఎంఎం ప్లైవుడ్ మీద హెచ్‌ఓ సైజు మోడల్ పట్టాలు. కువైట్‌లో ఉండే మా మామ రెండు సెట్లు తెచ్చిచ్చినాడు, కథ ఆడ మొదలైంది.

లైను మాత్రం నా సొంతం. పాకాల దగ్గర మీటర్ గేజ్ మెయిన్ లైన్ నుంచి చీలి భాకరాపేట మీదుగా తలకోన అడవి అంచు దాకా పోయే బ్రాంచి. అట్లాంటి లైను ఎప్పుడూ లేదని నాకు తెలుసు. ఉండుంటే ఎట్ల ఉండేదో అట్ల కట్టినా. రోజుకి రెండు మిక్స్‌డ్ బండ్లు, ఒక పాసింజరు పెట్టె, ఐదు వ్యాగన్లు, వెనక గార్డు పెట్టె.

గుండ్రంగా తిరిగే లూప్ పెట్టలేదు. భాకరాపేటలో మూడు సైడింగులు (పక్కకి చీలి ఆడే ఆగిపోయే లైన్లు), ఒకదాంట్లో 5 వ్యాగన్లు, మిగతా రెండిట్లో 3, 3 పడతాయి. ఇంగ్లండ్‌లో ఆలన్ రైట్ అనే ఆయన పెట్టిన ఇంగిల్‌నుక్ పద్ధతి ఇది. నా దగ్గర 8 వ్యాగన్లు ఉండాయి. చీటీలు తీస్తా, బెల్లం, చింతపండు, చెనిక్కాయలు, ఎరువులు, తోతాపురి మామిడి, కిరోసిన్ ట్యాంకర్ ఇట్ల. ఏ 5 చీటీలు వస్తే ఆ 5 వ్యాగన్లు అదే వరసలో పేర్చి బండి కట్టాల. మొత్తం 6720 రకాల వరసలు వస్తాయి కాబట్టి రోజూ ఆడినా విసుగు రాదు. ఒక్కో ఆటకి 40 నిమిషాలు పడతాది.

మా బామ్మర్ది చూసి, లేని లైను కట్టేదానికి ఇంత ఖర్చు దేనికి, ఉన్న స్టేషన్ ఏదైనా కట్టొచ్చు కదా అన్నాడు. ఆ మాట రెండు రోజులుగా మనసులో తిరగతా ఉండాది. మీరేమంటారు?

రేణిగుంట డీజిల్

సూపర్ అన్నా. ఫోటోలు?

పాకాల జంక్షన్

మీటర్ గేజ్ అని రాసినారు. హెచ్‌ఓ అంటే 87లో ఒకటో వంతు. 1000 మి.మీ.ని 87తో భాగిస్తే 11.5 వస్తాది. మీ పట్టాల మధ్య దూరం 16.5. అంటే 5 మి.మీ. ఎక్కువ, అసలు సైజుకి పెంచి చూస్తే 435 మి.మీ., దాదాపు ఒక మూర. మూర వెడల్పు ఎక్కువున్న పట్టా మీద వైపీ (మీటర్ గేజ్ ఆవిరి ఇంజన్) బాడీ పెట్టి దాన్ని మీటర్ గేజ్ అనడం ఏందో నాకు అర్థం కాలేదు. పాకాల అసలు మీటర్ గేజ్ లైను చూసినోళ్లు ఇంకా బతికే ఉండారు సార్. మీటర్ గేజ్ బండి ముందు నుంచి చూస్తే పట్టా ఇరుకుగా, పెట్టె దాని మీద బయటికి పొడుచుకొచ్చి, నడిచేటప్పుడు ఒక ఊపు ఉంటాది. మీ పట్టా మీద ఆ రూపం రానే రాదు. హెచ్‌ఓ మీటర్ గేజ్ కోసం 12 మి.మీ. పట్టా విడిగా దొరకతాది, స్విట్జర్లాండ్ మీటర్ గేజ్ కొండ రైళ్ల హెచ్‌ఓ మోడళ్లు దాని మీదే నడస్తాయి.

భాకరాపేట బండి

సార్ గేజ్ సంగతి ఒప్పుకుంటా. కానీ ఆ లెక్కన మన దేశంలో బ్రాడ్ గేజ్ మోడల్ కట్టేవాళ్లంతా తప్పే కదా. 1676ని 87తో భాగిస్తే 19.3 రావాల. అందరూ 16.5 మీదే నడపతా ఉండారు. 16.5 అంటే 1435, అది హైదరాబాద్ మెట్రో గేజ్. ఆ పట్టా మీద వ్యాప్-7 బ్రాడ్ గేజ్ కరెంటు ఇంజన్ నడిపితే ఎవరూ అడగరు, నేను వైపీ నడిపితే మూరలు కొలస్తా ఉండారు.

విజయవాడ లోకో

అసలు మీరు డీసీనా (పట్టాలో కరెంటు పెంచి తగ్గించి నడపడం), డీసీసీనా (ఒక్కో ఇంజనుకి విడిగా డిజిటల్ ఆదేశాలు) అండి? 10 అడుగుల లైన్‌లో సెక్షన్ స్విచ్‌లతో పాట్లు పడే బదులు డీసీసీ పెట్టుకుంటే ప్రతి ఇంజనుకీ ఒక అడ్రస్ ఉంటుంది, రెండు ఇంజన్లు ఒకే పట్టా మీద వేర్వేరుగా నడుస్తాయి. ఆర్డునో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో ఇంట్లోనే కమాండ్ స్టేషన్ తయారు చేసుకోవచ్చు. గేజ్ గొడవ తర్వాత, ముందు వైరింగ్ సరిచేసుకోండి.

భాకరాపేట బండి

12 వోల్టుల డీసీనే అన్నా. నా బ్రాంచిలో ఒక టైములో ఒకే బండి కదలతాది, దానికి రెండు స్విచ్చులు చాలు.

చిత్తూరు అక్క

తమ్ముడూ, మేడమీద గది అన్నావు, పట్టాల మధ్య సందు వదిలినావా? మా ఇంట్లో మా పిల్లోడికి పైగదిలో వేసిచ్చినాం, మార్చిలో అన్నీ టైటుగా కలిపి సోల్డర్ చేసేసినాడు, మే నెల వచ్చేసరికి మధ్యలో పట్టా పాము మాదిరి వంకర పోయింది. నికెల్ సిల్వర్ పట్టా 3 మీటర్ల పొడవుంటే 20 డిగ్రీల తేడాకే ఒక మి.మీ. దాకా సాగతాది. పైకప్పు కింద మన ఎండల్లో అంతకన్నా ఎక్కువే తేడా ఉంటాది. ప్లైవుడ్ కూడా వానాకాలం ఒక తీరు, ఎండాకాలం ఒక తీరు. రెండు మూడు చోట్ల పోస్టుకార్డు మందం సందు వదులు, అన్ని జాయింట్లూ సోల్డర్ చేయొద్దు. ఏ స్టేషన్ కట్టినా ఎండ ఒకటే.

భాకరాపేట బండి

అక్కా, రెండు చోట్లే వదిలినా. ఈ ఆదివారం ఇంకో రెండు కోస్తా. చాలా థ్యాంక్స్.

రేణిగుంట డీజిల్

పాకాల అన్నకి ఒక మాట. నేను కూడా నిజం నిజం అని పోయినోణ్ణే. రేణిగుంట స్టేషన్ కట్టాలని మొదలుపెట్టినా. 24 పెట్టెల బండి అంటే ఒక్కోటి 22.3 మీటర్లు, మొత్తం 535 మీటర్లు, హెచ్‌ఓలో 6 మీటర్ల పైనే, అంటే 20 అడుగులు. ప్లాట్‌ఫారం ఒకటే నా ఇంటి పొడవుంది. సరే 6 పెట్టెలకి దిగినా. అప్పుడు వంపులు. నా దగ్గరుండే పట్టా 18 అంగుళాల రేడియస్, ఐసీఎఫ్ (చెన్నై ఫ్యాక్టరీ) పెట్టె హెచ్‌ఓలో 245 మి.మీ., వంపు తిరిగేటప్పుడు పెట్టె మధ్యభాగం లోపలికి వచ్చి పక్క లైను బండిని తగిలేది. ఒక ఆయన దగ్గర ముందే డబ్బు కట్టి పాయింట్ మోటార్లు (బండి ఏ లైనులోకి పోవాలో పట్టా మార్చేవి) తెప్పించుకున్నా, ఎనిమిదిలో మూడు వారానికే కాలిపోయినాయి, ఫోన్ చేస్తే ఎత్తడు. ఏడాదిన్నర అట్లే పోయింది, ఆఖరికి అంతా విప్పి అమ్మేసినా. ఆ రోజు ఊహా లైను పెట్టుకోనుంటే ఈ రోజు నా దగ్గర ఒక లేఅవుట్ ఉండేది.

పాకాల జంక్షన్

మీ పాయింట్ మోటార్లు కాలిపోవడానికీ రేణిగుంటకీ సంబంధం ఏంది తమ్ముడూ. స్థలం లేదంటే చిన్న స్టేషన్ తీసుకోవాల. మన లైనులోనే ఎన్ని ఉండాయి. చంద్రగిరి, పనపాకం, దామలచెరువు, కలికిరి, వాయల్పాడు. మీటర్ గేజ్ పెట్టెలు పొట్టివి, స్టేషన్లు చిన్నవి, రెండు లైన్లు ఒక సైడింగు. ఎల్ ఆకారంలో 16 అడుగులుంటే దామలచెరువు హాయిగా పడతాది. బెల్లం, మామిడి, చెనిక్కాయలు, ఆయన చీటీల్లో రాసుకున్న సరుకు మొత్తం ఈ నిజం లైను మీద పోయినదే. సరుకు మాది, పేర్లు మావి, లైను మాత్రం లేనిది.

పాతపట్టా

నెల్లూరు నుంచి. ఇంగ్లండ్‌లో లాంగ్ విట్టెన్‌హామ్ అనే పల్లెలో పెండన్ మ్యూజియం ఉంది, రాయ్ ఇంగ్లండ్ అనే ఆయన 1954లో మొదలుపెట్టింది. 1930లలో ఆ చుట్టుపక్కల ఇళ్లు, పెరళ్లు, పొలాలు ఎట్లా ఉండేవో కొలిచి మరీ కట్టారు. జాన్ అహెర్న్ కట్టిన మ్యాడర్ వ్యాలీ అనే పూర్తి ఊహా లైను కూడా ఇప్పుడు ఆ మ్యూజియంలోనే ఉంది. ఒకే కప్పు కింద రెండూ. ఇంక గొడవెందుకు.

పాకాల జంక్షన్

మీరే చెప్పినారు, రెండూ ఉండాయని. ఇంగ్లండోళ్లకి కొలిచి కట్టింది ఉండాది, దాని పక్కన ఊహ పెట్టుకుంటే అందంగానే ఉంటాది. మనకి కొలిచి కట్టింది యాడుంది? పాకాల–ధర్మవరం మీటర్ గేజ్ 1890లలో సౌత్ ఇండియన్ రైల్వే వేసింది. నూరేళ్ల పైన నడిచింది. బ్రాడ్ గేజ్ చేసినప్పుడు పట్టా పీకి, సిగ్నల్ చేతులు దించి, పాత యార్డు ఆనవాలు లేకుండా చేసినారు. బ్రాడ్ గేజ్ రావాల్సిందే, కాదనను. కానీ ఒక్కరన్నా ఆ యార్డుని టేపు పెట్టి కొలిచినారా? ఇప్పుడు మోడల్ కట్టే ఓపిక, చెయ్యి, డబ్బు ఉండే మనిషి ఒకడు మన జిల్లాలో దొరికితే ఆయన పోయి లేని లైను కడతాడు.

రేణిగుంట డీజిల్

ఆయన ఇల్లు, ఆయన డబ్బు అన్నా. మీకు అంత బాధ ఉంటే మీరే కట్టొచ్చు కదా, ఎవరన్నా వద్దన్నారా.

పాకాల జంక్షన్

నాకు చేతులు వణకతాయి. నాలుగేళ్లయింది. స్క్రూ బిగించలేను. ఇప్పుడు చెప్పండి.

చిత్తూరు అక్క

అందరూ కాస్త నిమ్మళంగా మాట్లాడండి.

పాకాల జంక్షన్

నిమ్మళంగానే అడగతా. భాకరాపేట బండి గారూ, మీరు పెట్టిన మూడో ఫోటోలో ఎడమ పక్క గోడ దగ్గర పాకాల అని పసుపు బోర్డు ఉండాది. దాని వెనక అట్టముక్క, అట్ట వెనక నాలుగు లైన్ల అర. చీటీ రాని వ్యాగన్లు దాచే చోటు. అదా పాకాల? మా నాయన ఆ యార్డులో పాయింట్స్‌మన్‌గా 31 ఏళ్లు చేసినాడు. వాన పడతా ఉంటే కూడా వెదురు రింగుకి సంచీ కట్టి, దాంట్లో నీల్స్ టోకెన్ బంతి (ముందు లైనులోకి పోయేదానికి బండికిచ్చే అనుమతి) వేసి, ఆగకుండా పోయే బండికి ఎత్తి పట్టుకోనుండేవాడు. ఇంజన్ మీద మనిషి చెయ్యి దూర్చి లాక్కుంటే ఆ దెబ్బకి మోచేతి పైన నల్లగా కమిలేది, అది ఎప్పుడూ మానింది లేదు. కాట్పాడి నుంచి, తిరుపతి నుంచి, ధర్మవరం నుంచి మూడు వైపుల బండ్లు వచ్చి కలిసే చోటు అది. మీ లేఅవుట్‌లో దానికి ఇచ్చింది అట్ట వెనక చీకటి. లేని భాకరాపేటకి మాత్రం చింతచెట్టు, నీళ్ల ట్యాంకు, బెంచీ మీద ముసలాయన కూడా ఉండాడు.

విజయవాడ లోకో

గేజ్ దగ్గర మొదలై ఎక్కడికి పోయిందండీ ఇది.

భాకరాపేట బండి

రాత్రంతా ఆలోచించి రాస్తా ఉండా.

పాకాల సార్, ఆ బెంచీ మీద కూర్చున్నది ముసలాయన కాదు, మా జేజి. చీర రంగు ఫోటోలో సరిగ్గా రాలేదు. మాది భాకరాపేట పక్కన పల్లె. మ్యాపు తీసి చూడండి, తిరుపతి నుంచి పీలేరుకి బస్సు రంగంపేట దాటి భాకరాపేట ఘాటెక్కి నేరుగా మా మీదుగా పోతాది. రైలు మాత్రం పాకాల, దామలచెరువు చుట్టి పీలేరు చేరతాది. మమ్మల్ని వదిలేసి కొండకి ఆ పక్క నుంచి పోయింది. మా జేజి 74 ఏళ్లు బతికి ఒక్కసారి రైలెక్కలేదు. చింతపండు మూటలు నెత్తిన పెట్టుకోని బస్సు టాపు మీద వేయించేది, కండక్టరుతో మూటకింత అని రోజూ గొడవ. రైలుంటే మూటల పెట్టె ఉంటాది కదరా అనేది నాతో. నాకు ఎనిమిదేళ్లు. ఆ బ్రాంచి లైను నేను అప్పుడే నోట్‌బుక్కు వెనక గీసినా.

మీకు పోయిన లైను ఉండాది సార్, తలుచుకోని బాధపడేదానికి. మాకు అది కూడా లేదు. నేను ఎవరి జ్ఞాపకాన్నీ చెరపాలని కట్టలేదు.

అట్ట వెనక పాకాల గురించి మీరన్నది మాత్రం నాకు తగిలింది. అందరూ చేసే పద్ధతే అని చేసినా, ఫిడిల్ యార్డు కనపడకుండా దాయాలని. ఆ బోర్డు రాసేటప్పుడు ఒకరి ఊరు దాస్తా ఉండానని తట్టలేదు.

టోకెన్ నా దగ్గర కూడా ఉండాది. గోలీ. పచ్చ గోలీ చేతిలో ఉంటేనే పాకాల నుంచి బండి వదలతా.

చిత్తూరు అక్క

తమ్ముడూ, జేజి చీర రంగు కనపడేలా ఇంకో ఫోటో పెట్టు.

రేణిగుంట డీజిల్

పాకాల అన్నా, చేతుల సంగతి తెలియక అన్నా. మనసులో పెట్టుకోవద్దు.

పాకాల జంక్షన్

పెట్టుకోలేదు తమ్ముడూ.

భాకరాపేట బండి గారూ, మీ జేజి మాట చదివినా. మూటల పెట్టె అని ఆమె అన్నది నిజం, మిక్స్‌డ్‌లో చింతపండు మూటలు మా నాయన కూడా ఎత్తించినాడు. అయినా నా మాట నాదే. మీ లైను మీరు కట్టుకోండి, కానీ దాన్ని పాకాలకి తగిలించినారు కాబట్టి పాకాల సరిగ్గా ఉండాల. వద్దనుకుంటే బోర్డు తీసేసి ఇంకో పేరు రాయండి, నాకు ఇబ్బంది లేదు. ఉంచుకుంటే అట్ట తీసేయండి. మా నాయన రిటైరైన ఏడాది యార్డు మొత్తం క్యాలెండర్ వెనక గీసి పెట్టినాడు, ఏ పాయింటు ఏ లివరుకి కలిపి ఉండేదో నంబర్లతో సహా. మూడు వైపుల లైన్లూ మీ 6 అడుగుల ప్లైవుడ్ మీద పట్టవు. తిరుపతి వైపు కొస ఒకటి పడతాదేమో చూడాల.

భాకరాపేట బండి

అట్ట రేపే తీసేస్తా. నాలుగు లైన్లని మూడు చేస్తే ప్లాట్‌ఫారానికి 4 అంగుళాలు మిగలతాది, వ్యాగన్లు టేబుల్ కింద అరలో పెట్టుకుంటా. 12 మి.మీ. పట్టా మాత్రం నా వల్ల కాదు సార్, ఇంజన్ల కింది భాగం మొత్తం మార్చాల, అంత డబ్బు లేదు. క్యాలెండర్ ఫోటో తీసి పెట్టండి. కాట్పాడి వైపు ఏదో గుర్తు పెట్టండి, లేకుంటే తిరగేసి వేసేస్తానేమో.

పాకాల జంక్షన్

మా అబ్బాయి సాయంత్రం వస్తాడు, వాడి చేత తీయించి పెడతా. లివరు నంబర్లు చెరిగిపోయినాయి, అవి నేను పక్కన రాసిస్తా. 16.5 సంగతి నేను వదల్లేదు.