‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసినవాళ్లు నిజంగా భయపడ్డారా, సరదాపడ్డారా?

చెక్కతలుపు:

ఊళ్లో పాత ఇంటికి రంగులు వేయిస్తున్నాం. మొన్న పెయింటర్ కేకేశాడు, "సార్, ఈ తలుపు మీద ఏదో రాసుంది, గీకేయమంటారా?" అని. వెళ్లి చూద్దును కదా, పాత రంగు పొర కింద ఎర్రటి అక్షరాలు. ‘ఓ స్రీ రేపు రా’. స్త్రీకి ‘త’ వత్తు ఎగిరిపోయింది. మా అన్నయ్య చేతిరాతే, అనుమానం లేదు.

కుర్రాళ్ల కోసం రెండు ముక్కలు. మా చిన్నప్పుడు, తొంభైల్లో, రాత్రిళ్లు ఒక ఆడదయ్యం వీధుల్లో తిరుగుతోందని పుకారు పుట్టింది. మనకు తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందట, పలికామా తెల్లారేసరికి పోతామట. తలుపు మీద ఇలా రాసి పెడితే చదువుకుని వెనక్కి పోతుంది. మర్నాడు వచ్చినా అదే రాత కదా, మళ్లీ పోతుంది. కర్ణాటకలో కూడా ‘నాళె బా’ అని రాసుకున్నారు, అర్థం అదే.

ఇప్పుడు నా వాదన. మేం భయపడలేదు. భయాన్ని పండగలా చేసుకున్నాం. ఏడింటికల్లా అన్నాలు తినేయడం, పిల్లలందరినీ ఒకే గదిలో పడుకోబెట్టడం, కరెంటు పోగానే అత్తయ్య గొంతు తగ్గించి "పక్కూళ్లో ఏం జరిగిందంటే..." అని మొదలెట్టడం. దసరా సెలవుల్లో కూడా అంత సరదా లేదు. నిజంగా భయపడేదాన్ని ఎవరైనా రోజూ అడిగి మరీ చెప్పించుకుంటారా? నాన్నకు షుగర్ ఉందని తెలిసినప్పుడు ఇంట్లో ఆ మాటే ఎత్తనిచ్చేవాళ్లు కాదు. అదీ భయమంటే. దయ్యాన్ని మాత్రం రాత్రి భోజనంలోకి నంజుకునేవాళ్లం.

ఒకరి భయం గుంపంతటికీ అంటుకుంటే మాస్ హిస్టీరియా అని పెద్ద పేరు పెడతాం గానీ, సగం నమ్మి సగం ఆడే ఆట అది అని నా అభిప్రాయం. ఒప్పుకుంటారా?

ఉల్లిదోశ:

దయ్యానికి తెలుగు చదవడం వచ్చు, ‘రేపు’ అంటే ఎప్పటికీ రాదని మాత్రం తెలీదు. మా కిరాణా కొట్లో ‘అప్పు రేపు’ అని బోర్డు ఉండేది. అదే టెక్నాలజీ. అక్కడ కూడా జనం చదువుకుని వెళ్లిపోయేవాళ్లు.

లెక్కలమాస్టారు:

చెక్కతలుపు గారితో నేను ముప్పాతిక వంతు ఏకీభవిస్తాను. మీరు తొంభైల దగ్గర ఆగారు, నేను 1979కి తీసుకెళ్తాను. స్కైలాబ్.

అమెరికా వాళ్లు 1973లో అంతరిక్షంలోకి పంపిన స్టేషన్ అది. డెబ్భై టన్నుల పైమాటే. కిందికి జారిపోతున్న దాన్ని మళ్లీ పైకి నెట్టే ఏర్పాటు సకాలంలో కుదరలేదు, ఎక్కడ పడుతుందో ముందే చెప్పడమూ వాళ్లకు సాధ్యం కాలేదు. భూమ్మీద ఎవరో ఒకరికి ముక్క తగిలే అవకాశం 152లో ఒకటి అన్నారు. ఆ ‘ఎవరో ఒకరు’ అనే మాట మా ఊరు వచ్చేసరికి ‘మనమే’ అయింది. నాకప్పుడు పద్నాలుగేళ్లు. ఎటూ చస్తాం కదా అని మా వీధిలో కోళ్లన్నీ కోసేశారు. మా తాత పొదుపు మనిషి, పండక్కి కూడా ఒక్క కోడితో ఇరవై మందికి సరిపెట్టేవాడు. ఆ వారం ఆయనే స్వయంగా మేకను బేరమాడాడు. అప్పు తీర్చాల్సినవాళ్లు వాయిదా అడిగారు, అప్పులిచ్చినవాళ్లేమో ‘ఇంక ఎవరికి దాచుకుంటాం’ అని ఇచ్చేశారు. అంత ఉదారంగా మా ఊరు మళ్లీ లేదు.

జులై 11 రాత్రి, మన టైం పది దాటాక, అది కూలింది. హిందూ మహాసముద్రంలో కొంత, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరెన్స్ అనే ఊరి చుట్టుపక్కల కొంత. ఎవరికీ గీత కూడా పడలేదు. ఆ ఊరి మునిసిపాలిటీ చెత్త పారేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా వేసింది, అదొక తమాషా. ఇక్కడ మిగిలిందల్లా ఖాళీ కోళ్లగూళ్లు. ఆ ఏడాది పుట్టిన పిల్లల్లో కొందరికి ఏకంగా స్కైలాబ్ అనే పేరు పెట్టారు. భయపెట్టినదాని పేరు బిడ్డకు పెట్టుకోవడం చూశారా? మీ వాదనకు ఇంతకంటే సాక్ష్యం ఏముంటుంది.

రాత్రిడ్యూటీ:

మాస్టారూ, తమ్ముడూ, ఇద్దరికీ దణ్ణం. నేను పాతికేళ్లుగా నర్సుని. మీరు చెప్పేది అరుగు మీద కూర్చుని చెప్పుకునే భయం. నేను చూసింది స్ట్రెచర్ మీద వచ్చే భయం. రెంటికీ ఒకే పేరు పెట్టకండి.

ఓసారి ఒక ఆడపిల్లల హాస్టల్ నుంచి సాయంత్రం ఆరింటికి ఒకమ్మాయిని తెచ్చారు. ఊపిరి అందడం లేదు, చేతివేళ్లు కొంకర్లు పోయాయి. గంటలో నలుగురు, తొమ్మిదింటికి పద్నాలుగు మంది. భోజనంలో ఏదో కలిసిందన్నారు. కానీ అదే అన్నం తిన్న మిగతా వంద మంది బాగానే ఉన్నారు. పడిపోయినవాళ్లంతా ముందు పడ్డ పిల్లను కళ్లారా చూసినవాళ్లే, ఒకే వరండాలో ఉండేవాళ్లు. ఎవరికీ జ్వరం లేదు, రక్తపరీక్షల్లో ఏమీ లేదు. మా డాక్టరమ్మ మొదట చేసిన పని మందివ్వడం కాదు. వార్డు తలుపులు వేయించి, పిల్లల్ని విడివిడిగా పడుకోబెట్టి, కెమెరా పట్టుకుని వచ్చినవాళ్లను బయటకు పంపేసింది. ఒక్కొక్కరి పక్కన కూర్చుని నెమ్మదిగా ఊపిరి వదలడం నేర్పించాం. అర్ధరాత్రికి అందరూ లేచి ఇడ్లీలు అడిగారు.

అది నాటకమా? ఆ కొంకర్లు నాటకం కాదండీ, నేను పట్టుకుని చూశాను. భయంతో గబగబా గాలి పీల్చి వదిలేస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు నిజంగానే బిగుసుకుపోతాయి. ఇంకోటి, ఆ వారంలో వాళ్లకు పరీక్షలు. వార్డెన్ చాలా గట్టి మనిషట. చెప్పుకోవడానికి నోరు లేనిచోట ఒళ్లు చెప్పుకుంటుంది. 1962లో టాంగన్యికాలో (ఇప్పటి టాంజానియా) కషాషా అనే ఊరి బడిలో ఆడపిల్లలకు నవ్వు పట్టుకున్న కథ వినే ఉంటారు. 159 మందిలో 95 మందికి వచ్చి బడే మూసేశారు. ‘నవ్వుల మహమ్మారి’ అని సరదాగా రాస్తారు. వాళ్లు నవ్వుతూనే ఏడ్చారు, కొందరికి రోజుల తరబడి తగ్గలేదు. అందులో సరదా ఎక్కడుంది?

ఉల్లిదోశ:

అక్కా, మరి ఏలూరు కూడా ఇదే బాపతా? అప్పుడు మా గ్రూపులో అందరూ మాస్ హిస్టీరియా అని తేల్చేశారు.

రాత్రిడ్యూటీ:

అందుకే ఆ మాటంటే నాకు ఒళ్లు మండుతుంది. 2020 డిసెంబర్ 5న ఏలూరులో జనం మూర్ఛలొచ్చి పడిపోవడం మొదలైంది. వందల మంది ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. ఎయిమ్స్ వాళ్లు రక్తం నమూనాలు చూస్తే సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించారు. అంటే ఒంట్లోకి విషం పోయిన జనాన్ని మీ గ్రూపు ‘అంతా మనసులోనే’ అని తీసిపారేసింది. పేదల వీధిలో, ఆడపిల్లల హాస్టల్లో ఏం జరిగినా ముందు ఈ ముద్రే పడుతుంది. హిస్టీరియా అనేది అన్ని పరీక్షలూ అయ్యాక చివర్న అనాల్సిన మాట. మన దగ్గర మొదటే అనేస్తారు.

చెక్కతలుపు:

అక్కా, హాస్టల్ సంగతి ఒప్పుకుంటున్నాను. నేను ‘ఆట’ అన్నది పడిపోయినవాళ్లను కాదు, చుట్టూ మూగినవాళ్లను. పద్నాలుగు మంది పడితే వంద మంది ఎందుకు చూడ్డానికొచ్చారు? కెమెరా ఎందుకొచ్చింది? మనకు భయం కావాలి, అంతే. మన ఒంటికి ఏం కాదన్న భరోసా ఉండాలి, గుండె మాత్రం కొట్టుకోవాలి. జెయింట్ వీల్ ఎక్కేది అందుకే.

1518లో యూరప్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఒకామె వీధిలో డాన్స్ మొదలుపెట్టి ఆపలేకపోయిందట. వారాల్లో వందల మంది అయ్యారు. నగర పెద్దలు ఏం చేశారో తెలుసా? రక్తం వేడెక్కింది, ఆడితే తగ్గుతుందని వేదిక కట్టించి వాద్యగాళ్లను కూలికి పెట్టారు. ఇంకా పెరిగింది. మీ డాక్టరమ్మ తలుపులు మూసింది, వాళ్లు స్టేజీ కట్టారు. ఇవాళ టీవీలు ఆ రెండోపనే చేస్తున్నాయి.

గంపకిందికోడి:

అందరూ ‘జనం’ అంటున్నారు, జనం నిజంగా అంత వెర్రివాళ్లా అని నా డౌట్. 1938 అక్టోబర్ 30న అమెరికా రేడియోలో అంగారకుడి నుంచి శత్రువులు దిగారని నాటకం వేస్తే దేశమంతా రోడ్ల మీదికి పరిగెత్తిందని మనకు చెప్తారు. ఆ రాత్రే ఓ సంస్థ 5,000 ఇళ్లకు ఫోన్ చేసి అడిగితే ఆ నాటకం వింటున్నవాళ్లు నూటికి ఇద్దరు! మర్నాడు పత్రికలు గోరంతను కొండంత చేశాయి. అప్పట్లో రేడియో అంటే పత్రికలకు పడేది కాదు, వాటి ఆదాయానికి గండి కొడుతోంది కదా. అంటే ‘జనం పిచ్చెక్కిపోయారు’ అనే కథ కూడా మనకు నచ్చే దయ్యం కథే. మాస్టారూ, మీ ఊళ్లో నిజంగా అన్ని కోళ్లూ కోశారా?

లెక్కలమాస్టారు:

మా వీధిలో అన్నాను. ఊరంతా అనలేదు. లెక్కలు చెప్పినవాణ్ణి, నా మీద అనుమానం వద్దు.

(మా తాత మేకను మాత్రం ప్రమాణం చేసి చెప్తాను.)

పోచంపల్లిపోరడు:

అన్నలూ, మీ జెయింట్ వీల్ ముచ్చట బాగుంది గానీ, 2018 మే నెల యాదికి తెచ్చుకోండి. పిల్లల్ని ఎత్తుకుపోయే గ్యాంగులు దిగాయని వాట్సాప్‌లో వీడియోలు. మా ఊళ్లో రాత్రంతా కట్టెలు పట్టుకుని కాపలా. నేనూ ఉన్నాను, అబద్ధమెందుకు, మస్తు మజా వచ్చింది. చాయ్‌లు, ముచ్చట్లు, ఎవడన్నా దొరుకుతడా అని చూపులు. ఎవరూ దొరకలేదు, మా అదృష్టం. వేరేచోట్ల దొరికారు. హైదరాబాద్‌లో చాంద్రాయణగుట్ట దగ్గర ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులైలో మహారాష్ట్ర ధూలే జిల్లాలో ఐదుగురిని చంపారు. వాళ్లు చేసిన తప్పల్లా ఊరికి కొత్తవాళ్లు కావడం.

అప్పుడు గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి ‘ఇవి ఉత్త పుకార్లు’ అని చెప్పించారు. భయం పాటలా పాకితే మందు కూడా పాటతోనే పోయిందన్నమాట. కానీ నేననేది వేరే. బాణామతి పేరుతో మా తెలంగాణ పల్లెల్లో మనుషుల పళ్లు పీకారు. అక్కడా భయపడ్డోళ్లది ఒక గుంపు, పళ్లు పోయినోడు ఒక్కడు. చెక్కతలుపన్నా, నువ్వు తలుపు లోపలున్నావు కాబట్టి నీకు పండగ. బయటున్నోళ్ల సంగతి?

చెక్కతలుపు:

బయట ఎవరూ లేరు కదా తమ్ముడూ, దయ్యం తప్ప.

గట్టుమీదచెట్టు:

ఉన్నారండీ. నేను ఇక్కడ రాయను, చదువుతానంతే. ఈ ఒక్కమాటకు రాయాలనిపించింది.

మా మేనత్తకు చిన్నవయసులోనే భర్త పోయాడు. పక్క టౌన్‌లో బట్టలషాపులో చేసేది. తలుపుల మీద రాతలు నడుస్తున్న ఆ రోజుల్లో ఒకసారి ఆఖరి బస్సు చెడిపోయి, దిగేసరికి పదకొండు దాటింది. తన ఇల్లు ఊరి చివర, దారిలో చీకటి. సెంటర్లో ఉన్న మా ఇంట్లో పడుకుందామని వచ్చి తలుపు కొట్టింది. "వదినా, నేనే" అని పిలిచింది. తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుంది కదా దయ్యం! అమ్మ నా నోరు గట్టిగా మూసింది. నేను అత్త గొంతు గుర్తుపట్టాను. అమ్మ కూడా పట్టిందని అనుకుంటున్నాను. నాన్న దీపం ఆర్పేశాడు. అత్త ఇంకో రెండిళ్లు కొట్టింది, ఆ చప్పుడు మాకు వినిపిస్తూనే ఉంది. తర్వాత వచ్చి మా అరుగు మీదే కూర్చుంది. గాజులు లేని చేతులు కదా, ఏ చప్పుడూ లేదు. ఆవిడ దగ్గు మాత్రం తెల్లారేదాకా విన్నాను.

పొద్దున తలుపు తీస్తే చెంగు తల మీద కప్పుకుని కూర్చునే ఉంది. మా తలుపు మీద సున్నంతో రాసిన అక్షరాలు ఆవిడ వీపు వెనకాలే. అమ్మ కాఫీ ఇచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు.

రాత్రిడ్యూటీ:

అమ్మా, ఆవిడ తర్వాత మీ ఇంటికి వచ్చారా?

గట్టుమీదచెట్టు:

వచ్చింది. పండగలకు, పెళ్లిళ్లకు, అన్నిటికీ. ఆ రాత్రి మాట ఎత్తలేదు. కానీ ఆ పొద్దున కాఫీ తాగి వెళ్తూ నన్ను తోడు తీసుకెళ్లింది. బడి పిల్లని కదా, రాయడం వచ్చని. వాళ్లింటికి వెళ్లగానే గూట్లోంచి సుద్దముక్క తీసి నా చేతికిచ్చి, "నా తలుపు మీద కూడా రాయవే, పెద్దక్షరాలతో" అంది. రాశాను.

చెక్కతలుపు:

ఇది నా వాదనకు సాక్ష్యమో, పోచంపల్లి తమ్ముడి వాదనకు సాక్ష్యమో తేల్చుకోలేకపోతున్నాను. పెయింటర్ రేపొస్తాడు. ఆ తలుపు గీకించాలా వద్దా అని ఇందాకటి నుంచి చూస్తూ కూర్చున్నాను.