తల్లిపాల శిక్షణకు తెలుగు వీడియోలు, బొమ్మలు ఎక్కడ దొరుకుతాయి?

నమస్తే అండీ. నేను ములుగు జిల్లా ఏటూరునాగారం దిక్కు ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇస్తుంటాను. వచ్చే నెల రెండు రోజుల క్లాసు ఉంది.

పుట్టిన గంటలోపు ముర్రుపాలు, 6 నెలల దాకా తల్లిపాలే, ఇవి మావాళ్లకు నోటికొచ్చు. 2016లో తల్లిపాలను ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ 'మా' (MAA) కార్యక్రమం మొదలైనప్పటి నుంచి వింటున్నదే. చిక్కంతా చేతల్లోనే. మొన్న ఒక ఇంటికి పోతే, కాన్పయి మూడో రోజు, బాలింత చనుమొన చిట్లి ఏడుస్తోంది. బిడ్డ నోట్లో మొన ఒక్కటే ఉంది, కింది పెదవి లోపలికి మడిచి ఉంది. నాతో వచ్చిన ఆశా "పాలు పట్టమ్మా" అంటోందే గానీ, బిడ్డ గడ్డం రొమ్ముకు ఆనేలా ఎట్ల పట్టుకోవాలో చూపించలేకపోయింది. అప్పటికే అత్త చక్కెర నీళ్ల గ్లాసుతో తయారు! ఆమెను మాత్రం ఏమంటాం, పసిగుడ్డు ఏడుపు వింటూ ఎవరుంటారు?

అందుకే అడుగుతున్నా. నెట్ లేకున్నా ఫోన్లో నడిచే చిన్న తెలుగు వీడియోలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? కోయ భాషలో ఆడియో ఉంటే ఇంకా మేలు. పాత సాక్సుతో రొమ్ము నమూనా కుట్టినవాళ్లుంటే ఎట్ల కుట్టారో చెప్పండి.

ఇంకొకటి. "పాలిస్తుంటే కడుపు రాదు" అనే మాట ఇక్కడ బాగా నమ్ముతారు. బిడ్డకు 6 నెలలు నిండకూడదు, నెలసరి మొదలుకాకూడదు, రాత్రీపగలూ తల్లిపాలే పట్టాలి, ఈ మూడూ ఉంటేనే ఆ మాట చెల్లుతుంది. దీన్ని బొమ్మల్లో చూపించే చార్టు కావాలి. ఇంగ్లీషువి నా దగ్గర చాలా ఉన్నాయి, అవి వద్దు.