మారని దేవుణ్ణి వాన కోసం అడగడం ఎందుకు?

గుత్తి కోట కింద:
అందరికీ వందనాలు. మా చర్చిలో పోయిన నెల మలాకీ 3:6 మీద వాక్యం చెప్పారు. దేవుడు మార్పు లేనివాడు, ఆయన సంకల్పం లోకం పుట్టకముందే స్థిరపడిందని గంటసేపు సాగింది. తరువాతి వారం వాన కోసం ఉపవాస కూడిక. అదే అయ్యగారు, అదే మైకు. "హిజ్కియా కన్నీళ్లు చూసి దేవుడు తన తీర్పు మార్చుకున్నాడు, మనమూ అట్లా ఏడుద్దాం" అన్నారు.

రెండూ ఎట్లా కుదురుతాయి? ఆయన ముందే తీర్మానించి ఉంటే మన ఏడుపుతో పనేముంది? మన ఏడుపుకు మారేటట్టయితే మలాకీ మాట ఏమైనట్టు? 'దేవుని మార్గాలు మనకు అందవు' అనే జవాబు మాత్రం దయచేసి వద్దు. అది కూడికలోనే విన్నాను.

నంద్యాల పాత బడి:
బ్రదర్, ఇది కొత్త ప్రశ్న కాదు. మూడో శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఒరిజెన్‌ను ఆయన స్నేహితుడు ఇదే అడిగాడు. అన్నీ దేవుడికి ముందే తెలిస్తే ప్రార్థన వృథా కదా అని. నువ్వు ప్రార్థిస్తావన్న సంగతీ ఆయనకు ముందే తెలుసు, దాన్ని కలుపుకునే ఆయన ఏర్పాటు చేశాడని ఒరిజెన్ జవాబు. 13వ శతాబ్దంలో వేదపండితుడు థామస్ అక్వినాస్ ఇంకా తేటగా చెప్పాడు. దేవుడి ఏర్పాటును మార్చడానికి కాదట మనం ప్రార్థించేది. ప్రార్థన ద్వారానే ఇవ్వాలని ఆయన ఏర్పాటు చేసినదాన్ని పొందడానికట.

మాది ఎస్పీజీ (ఇంగ్లండు చర్చి) మిషన్ నాటి కుటుంబం. పాత ఆంగ్లికన్ల 39 విశ్వాస సూత్రాల్లో మొదటిదే దేవుడు శరీరం, అవయవాలు, భావావేశాలు లేనివాడని చెబుతుంది. అది చల్లని మాట కాదు, ధైర్యం చెప్పే మాట. పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట చెప్పే దేవుడైతే నేను రాత్రి నిద్రపోలేను.

ధర్మవరం మగ్గం:
మీ అక్వినాస్ జవాబు వినడానికి బాగుంది అన్నా, బైబిల్లో మాత్రం అట్లా జరగలేదు. 2 రాజులు 20 తీయండి. జబ్బుపడ్డ రాజు హిజ్కియా దగ్గరికి ప్రవక్త యెషయా పోయి "నువ్వు చచ్చిపోతావు, ఇల్లు చక్కబెట్టుకో" అన్నాడు. హిజ్కియా గోడవైపు తిరిగి ఏడ్చాడు. ప్రవక్త ఇంకా నడిమి శాల కూడా దాటలేదు, వెనక్కి పో, 15 ఏళ్లు ఇస్తానని చెప్పు అన్నాడు దేవుడు. ఇదంతా ముందే రాసిపెట్టి ఉంటే మొదటి మాట ఎందుకు చెప్పినట్టు? బెదిరించడానికా?

1994లో వేదపండితుడు క్లార్క్ పిన్నాక్, జాన్ శాండర్స్‌తో సహా ఇంకో నలుగురు కలిసి ఒక పుస్తకం తెచ్చారు. దేవుడు మనుషులతో నిజంగా ఇచ్చిపుచ్చుకుంటాడు, రేపటి సంగతులు కొన్ని ఇంకా తెరిచే ఉన్నాయి అని వాదించారు. 2003లో అమెరికా ఎవాంజెలికల్ వేదపండితుల సంఘంలో పిన్నాక్‌ను, జాన్ శాండర్స్‌ను తీసేయాలని ఓటింగ్ పెట్టారు. ఇద్దరూ ఉండిపోయారు. కాబట్టి ఇది ఊరికే దులిపేసే వాదం కాదు.

కదిరి మల్లె:
ఓటింగ్‌తో దేవుడి లక్షణాలు తేలుతాయా బ్రదర్ 😀

తాడిపత్రి నాపరాయి:
నేను చర్చికి పోయేవాణ్ణి కాను. ఒక్క సందేహం. ఒక ఏడు మా ఊర్లో చెనక్కాయ ఊడలు దిగే టైముకు వాన మొహం చాటేసింది. గుళ్లో విరాటపర్వం చదివించారు. ముస్లింలు ఈద్గాకు పోయి నమాజ్ చేశారు. చర్చిలో ఉపవాసం పెట్టారు. ఆడపిల్లలు కప్పను రోకలికి కట్టి ఇల్లిల్లూ తిప్పారు. తర్వాత పదునుకు సరిపడా పడింది. ఎవరి ఖాతాలో వేయాలి? జిల్లాలో ఏడాది మొత్తం కలిపి పడేదే 550 మిల్లీమీటర్ల చిల్లర. ఏ దేవుడు మనసు మార్చుకున్నా ఆ సగటు మాత్రం మారినట్టు లేదే.

జమ్మలమడుగు టీచరమ్మ:
తాడిపత్రి తమ్ముడికి ముందు. నీ ప్రశ్నకు మత్తయి 5:45లోనే జవాబుంది. నీతిమంతుల మీదా, అనీతిమంతుల మీదా ఆయనే వర్షం కురిపిస్తాడని యేసు చెప్పాడు. కాబట్టి ఖాతా తెరవడమే తప్పు. ఒక మతం వాళ్ల పొలం మీద మాత్రమే పడే వాన కోసం ప్రార్థించేవాడు ఆ వచనం చదవలేదన్నమాట. ద్వితీయోపదేశకాండం 11లో మాట వింటే తొలకరి వాన, కడవరి వాన ఇస్తానన్న నిబంధన ఉంది, నిజమే. అది ఇశ్రాయేలుకు, ఆ దేశంలో ఇచ్చింది. దాన్ని పీకి తెచ్చి అనంతపురం జిల్లాకు అంటించి, వాన రాలేదు కాబట్టి మీలో పాపం ఉందని చెప్పే ప్రసంగాలంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక అసలు ప్రశ్న. నంద్యాల అన్న, ధర్మవరం తమ్ముడు ఇద్దరూ 'మారడం' దగ్గరే కొట్లాడుకుంటున్నారు. ఏది మారదు, ఏది మారుతుంది అని విడదీయడం లేదు. 1 సమూయేలు 15 తీయండి. 11వ వచనంలో సౌలును రాజు చేసినందుకు దేవుడు సంతాపపడ్డాడు. 29లో ఆయన నరుడు కాడు, పశ్చాత్తాపపడడు అని సమూయేలు అన్నాడు. 35లో మళ్లీ సంతాపపడ్డాడు. రాసినవాడికి 29 రాసేటప్పుడు 11 గుర్తులేదా? ఒకే అధ్యాయం! రెండూ కావాలనే పెట్టాడు.

యోనాను చూడండి. శత్రువుల పట్నం నీనెవెలో ఆ ప్రవక్త చేసిన ప్రకటనలో 'ఒకవేళ' లేదు, 'మారుమనస్సు పొందితే' లేదు. 40 రోజులు, తర్వాత నాశనం. అంతే. ఆ ఊరు గోనె కట్టుకుంది, నాశనం ఆగిపోయింది. ధర్మవరం తమ్ముడు ఇక్కడ చప్పట్లు కొడతాడు. కొట్టేముందు 4:2 కూడా చదువు తమ్ముడూ. యోనాకు కోపం ఎందుకొచ్చింది? దేవుడు మనసు మార్చుకోవడం చూసి ఆశ్చర్యపోయి కాదు. ఇట్లా జరుగుతుందని మా దేశంలో ఉన్నప్పుడే అనుకున్నాను, అందుకే తర్షీషుకు పారిపోయాను అన్నాడు. నువ్వు కటాక్షం, జాలి, దీర్ఘశాంతం, అత్యంత కృప కలవాడివని నాకు తెలుసు అన్నాడు. ఆ మాటలు యోనా సొంతం కావు. నిర్గమకాండం 34లో దేవుడు మోషేకు తన గుణాలు తానే చెప్పుకున్న మాటలు. అప్పుడెప్పుడో సీనాయి కొండ మీద చెప్పిన గుణం ఇప్పుడు శత్రువుల ఊరి మీద కూడా అట్లాగే పనిచేస్తుందని యోనాకు ఖాయంగా తెలుసు. దేవుడు మారడని ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుసు? అందుకే పడవెక్కాడు.

అంటే తీర్పు తప్పడమే ఆయన మారలేదనడానికి రుజువు. నీనెవె మారాక కూడా మాట పంతానికి ఊరు తగలబెట్టి ఉంటే, అప్పుడు దేవుడు మారినట్టు. యిర్మీయా 18లో కుమ్మరి ఇంటి దగ్గర ఆయనే ఇది తేటగా చెప్పాడు: ఒక జనాన్ని పెరికేస్తానని నేను చెప్పాక వాళ్లు చెడుతనం మానితే, నేనూ చేయాలనుకున్న కీడు మానుకుంటాను. ఆయన బెదిరింపులన్నిటికీ వెనక ఆ షరతు ఉంది, చెప్పినా చెప్పకపోయినా. మలాకీ 3:6ను కూడా సగం చదివి ఆపేస్తారు. నేను మార్పు లేనివాణ్ణి *గనుక* యాకోబు సంతతివాళ్లు నాశనం కాలేదు అని ఉందక్కడ. లోకం పుట్టకముందు రాసిన తీర్మానాల పట్టీ గురించి కాదు ఆ వచనం. కనికరం గురించి.

గుత్తి కోట కింద:
అక్కా, మలాకీ రెండో సగం మా అయ్యగారు చదవనే లేదు. యోనా సంగతి ఒప్పుకుంటా. కానీ నీనెవెది పాపం, మారుమనస్సు సంగతి. మా చేలో వానకు, పాపానికి సంబంధం లేదని నువ్వే అంటివి. మరి మేం మారడానికి ఏముంది, ఆయన జవాబివ్వడానికి ఏముంది?

కడప మరియాపురం:
నాదీ అదే ప్రశ్న, ఇంకొంచెం చేదుగా అడుగుతా. దావీదు తన పాపానికి తీర్పుగా జబ్బుపడిన బిడ్డ కోసం ఏడు రోజులు నేల మీద పడి ఉపవాసం చేశాడు. ఏడో రోజు బిడ్డ చనిపోయాడు. ఆ తప్పు దావీదుది, బిడ్డది కాదు. హిజ్కియాకు 15 ఏళ్లు, ఈ పసివాడికి ఏడు రోజులు. 'మారని గుణం' ఇక్కడ ఎక్కడుంది?

మా అమ్మ పొలంలో వేసిన బోర్లన్నీ ఎండిపోయాయి. ఒక పాస్టరుగారు వచ్చి "విశ్వాసం తక్కువై ఉంటుందమ్మా" అన్నారు. అప్పు తీర్చడానికి గాజులు అమ్మిన మనిషితో అనే మాటేనా అది? ఆ రోజు నుంచి మా అమ్మ ప్రార్థన మానలేదు గానీ ఆయన ఇంటికి వస్తే మాత్రం లోపలికి పోతుంది.

నంద్యాల పాత బడి:
అమ్మా, ఆ మాట అన్నవాళ్ల తరఫున నేను వాదించను. పౌలు తన శరీరంలోని ముల్లులాంటి బాధ తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు. సిలువకు ముందు గెత్సేమనే తోటలో యేసు శ్రమల గిన్నె తొలగించమన్నాడు, తొలగలేదు. ఆ ఇద్దరికీ విశ్వాసం తక్కువని ఆ పాస్టరు అనగలడా? ప్రార్థన తహసీల్దారు ఆఫీసులో అర్జీ కాదు, కాగితాలు సరిగ్గా లేవని తిప్పి పంపడానికి.

కడప మరియాపురం:
ఆ మాటకు థ్యాంక్స్ అయ్యా. కానీ మీ సూత్రంలో భావావేశాలు లేని దేవుడు మా అమ్మకు ఏం పనికొస్తాడు? హోషేయ 11లో ఎఫ్రాయిమును, అంటే ఇశ్రాయేలును, ఎట్లా విడిచిపెట్టేదని ఆయన గుండె కొట్టుకుంటుంది కదా.

నంద్యాల పాత బడి:
భావావేశాలు లేవంటే ప్రేమ లేదని కాదు. బయటి నుంచి ఎవరూ ఆయన్ను లొంగదీసుకోలేరని. బాధ దగ్గరికి వస్తే, క్రీ.శ. 451లో కల్కెదోనులో కూడిన సంఘ పెద్దల సభ క్రీస్తులో దైవస్వభావం, మానవస్వభావం కలిసిపోకుండా, విడిపోకుండా ఉన్నాయని చెప్పింది. 553లో కాన్‌స్టాంటినోపుల్ సభ ఇంకో అడుగు ముందుకేసి, శరీరంలో సిలువ వేయబడినవాడు త్రిత్వంలో ఒకడే అని తేల్చింది. సిలువ మీద బాధపడింది దేవుడు కాదు, వేరే ఎవరో అనడానికి వీల్లేదు. మీ అమ్మ దేవుడు అక్కడ ఉన్నాడు.

తాడిపత్రి నాపరాయి:
సభలు, సూత్రాలు సరే. నాకు తెలిసినంత వరకు మన వైపు చర్చిలు నిండింది కరువులో గంజి పోసినప్పుడు. ఇందులో దేవుడి గుణం ఎక్కడ? మిషనరీల గుణం అనండి, ఒప్పుకుంటా. స్పెయిన్ మిషనరీ ఫాదర్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి పని చేసి చూపించాడు. మా వాళ్లు గుర్తు పెట్టుకుంది ఆ పనిని.

ధర్మవరం మగ్గం:
గంజి సంగతి తీశావు కాబట్టి చెప్తా. 1876–78 ధాత కరువు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చేసింది. అనంతపురం అప్పటికి బళ్ళారిలోదే, విడి జిల్లా అయింది 1882లో. పనికి పోయిన మగమనిషికి సర్కారు రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా ఇవ్వాలని కరువు పనులు చూడ్డానికి సర్కారు పంపిన టెంపుల్ దొర పెట్టాడు. అంత కరువులోనూ ఒంగోలు మిషన్ క్లౌ దొర ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు, తిండికే వస్తున్నారని నీలాంటివాళ్లు అంటారనే. తిరిగి మొదలుపెట్టాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు.

నాకు ఇందులో తట్టేది ఏమంటే, ఆ తరం వాళ్లు నమ్మింది వాన కురిపించిన దేవుణ్ణి కాదు. వాన రాలేదు. అయినా నమ్మారు. టీచరమ్మ చెప్పిన కనికరం గల దేవుడు వాళ్లకు కనబడింది చెరువు నిండినప్పుడు కాదు, అంటరాదన్న వాళ్ల పక్కన కూర్చున్న మనుషుల్లో. ఫెర్రర్ పని వేరు, దేవుడి పని వేరు అని నువ్వు గీత గీస్తున్నావు. ఆ గీత ఎక్కడ గీయాలో నాకైతే తెలియదు.

జమ్మలమడుగు టీచరమ్మ:
గుత్తి తమ్ముడూ, నీ ప్రశ్న మిగిలిపోయింది. మేం మారడానికి ఏముందన్నావు. లూకా 18లో విధవరాలు న్యాయం అడుగుతూ పోయింది, పాపం ఒప్పుకోవడానికి పోలేదు. అడగడమే ఒక సంబంధం. అడగకముందే మీ అక్కర తండ్రికి తెలుసని మత్తయి 6:8లో చెప్పిన యేసే, వెంటనే తరువాతి వచనంలో ఇట్లా ప్రార్థించండి అన్నాడు. అనుదిన ఆహారం అడగమన్నాడు. తెలిసినవాణ్ణే అడగమన్నాడు.

దావీదు బిడ్డ సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు మరియాపురం చెల్లీ. ఉన్నట్టు మాట్లాడను. ఒకటి మాత్రం చూడు. ప్రవక్త నోటితోనే తీర్పు విన్నాక కూడా దావీదు "కటాక్షిస్తాడేమో, ఎవరికి తెలుసు" అని అడిగాడు. అట్లా అడగడం తప్పని ఆ అధ్యాయంలో ఎవరూ అనలేదు.

గుత్తి కోట కింద:
కూడికకు పోతా అక్కా. హిజ్కియా ప్రసంగం మళ్లీ పెడితే యిర్మీయా 18 చదవమని అయ్యగారికి చెప్తా. నంద్యాల అన్నా, మీ వాదంలో ఒకటి మింగుడు పడలేదు. నా ప్రార్థన కూడా ముందే నిర్ణయమైతే, నేను ప్రార్థించకపోవడమూ ముందే నిర్ణయమేనా?

నంద్యాల పాత బడి:
యోనా విషయంలో టీచరమ్మతో నాకు పేచీ లేదు. గుణం మారదు, వ్యవహారం మారుతుంది అంటే సరే. దేవుడికి రేపు తెలియదు అనే మాట మాత్రం ఒప్పుకోను. యెషయా 46:10 చూడండి, అంతం ఏమిటో మొదటి నుంచే చెప్పేవాడు ఆయన. ప్రార్థించకపోవడం గురించి అడిగావు. అది నీ బాధ్యతే, ఆయనకు తెలిసి ఉండటం నీకు సాకు కాదు.

ధర్మవరం మగ్గం:
మరి ఆదికాండం 22:12? మోరియా కొండ మీద అబ్రాహాము కొడుకు ఇస్సాకు మీదికి కత్తి ఎత్తాక "ఇప్పుడు నాకు తెలిసింది" అన్నట్టు మాట్లాడింది ఎవరు?

జమ్మలమడుగు టీచరమ్మ:
మోరియా కొండకు వేరే థ్రెడ్ తెరవండయ్యా. రేపు నాకు ఫస్ట్ అవర్ ఉంది.