సింగపూర్ నుంచి న్యూయార్క్ టికెట్ మీద ఆరు గంటలే కనిపిస్తోంది, నిజంగా ఎంతసేపు పడుతుంది?

ప్రశ్న:
అందరికీ నమస్తే అండి. అమ్మ జనవరిలో సింగపూర్ చాంగీ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి నాన్‌స్టాప్ ఫ్లైట్‌లో ఒక్కతే వెళ్తోంది. నెట్‌లో దూరం 15,349 కిలోమీటర్లని చూపిస్తోంది, టికెట్ మీదేమో రాత్రి 11:30కి బయలుదేరి మర్నాడు పొద్దున్నే 5:30కి దిగుతుందని ఉంది, అంటే ఆరు గంటలా? గంటకి 900 చొప్పున లెక్కేసినా 17 గంటలు రావాలి కదా. అమ్మ ఎనిమిది గంటలకోసారి మాత్ర వేసుకోవాలి, అందుకే అడుగుతున్నా.

జవాబు 1:
టికెట్ మీద ఎక్కడి టైమ్ అక్కడిదే వేస్తారండి. రెండిటినీ ఒకే ఊరి గడియారంలోకి తెచ్చుకోండి. జనవరిలో సింగపూర్ 13 గంటలు ముందుంటుంది, సో అమ్మగారు దిగేసరికి సింగపూర్‌లో సాయంత్రం 6:30. మొత్తం 19 గంటలు. అదే ఎండాకాలం అయితే తేడా 12 గంటలే, అమెరికాలో గడియారం గంట ముందుకి జరుపుతారు, సింగపూర్‌లో జరపరు.

జవాబు 2:
మరి 17 కాస్తా 19 ఎందుకయిందంటే, ఆ 15,349 అనేది భూగోళం మీద దారం లాగి పట్టుకుంటే వచ్చే దూరం. ఈ రెండు ఊళ్లూ భూమికి దాదాపు ఎదురెదురు వైపుల ఉన్నాయి, అందుకని ఆ దారం ఇంచుమించు ఉత్తర ధ్రువం మీదుగానే పోతుంది. కావాలంటే చూడండి, ధ్రువం నుంచి సింగపూర్ 88.6 డిగ్రీలు, న్యూయార్క్ 49.4, కలిపితే 138, డిగ్రీకి 111.2 కిలోమీటర్లు, లెక్క సరిగ్గా అక్కడికే వస్తుంది. నాకైతే ఇది ఎన్నిసార్లు వేసినా ముచ్చటేస్తుంది! కానీ విమానం ఆ గీత పట్టుకుని పోదు. న్యూయార్క్ వెళ్లేటప్పుడు ఎక్కువగా పసిఫిక్ మీదుగా తిప్పుతారు, అక్కడ పైన పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ గాలి గట్టిగా వీస్తుంది, చలికాలంలో ఇంకా ఎక్కువ, అది వెనక నుంచి తోస్తుంది కాబట్టి దూరం పెరిగినా గిట్టుబాటే. పైగా టికెట్ టైమ్‌లో గేట్ దగ్గర కదిలిన దగ్గర్నుంచి మళ్లీ గేట్‌కి చేరేదాకా, రన్‌వే కోసం ఆగే టైమ్ కూడా కలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. అయితే అమ్మ వాచీ సింగపూర్ టైమ్‌లోనే ఉంచేయమంటాను, మాత్రలకి అదే సులువు.

జవాబు 1:
మంచి ఆలోచన, దిగాక మార్చుకోవచ్చు. అక్కడి టైమ్‌కి మాత్రలు ఎలా సర్దుకోవాలో మాత్రం డాక్టర్‌ని ముందే అడిగి కాగితం మీద రాయించండి. ఎయిర్‌పోర్ట్‌కి మూడు గంటల ముందు వెళ్తారు, దిగాక ఇమిగ్రేషన్ క్యూ ఉంటుంది, అంటే 24 గంటలకి దగ్గరగా వేసుకోండి. మాత్రలు చేతి బ్యాగులోనే పెట్టండి, చెక్-ఇన్ లగేజీలో వద్దు.